ఇటలీ కారు ముందు పెట్టిన రాయి

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే ఆ గోనెసంచి పరుచుకోండి. చేతిలో పనుంటే పని చేసుకుంటూనే వినండి. నేనూ ఈ చింతపండులో గింజలు తీస్తూనే చెప్తాను. ఇది నవ్వుకునే ముచ్చట కాదు, అక్కడక్కడ నవ్వొస్తే మాత్రం ఆపుకోకండి. మా ఆయన అయితే ఆపుకునేవాడు కాదు.

హనుమకొండలో ఒక అడవి కాంట్రాక్టరు ఇంట్లో మేమిద్దరం పనిచేసేవాళ్ళం. నేను వంటింట్లో, మా ఆయన స్టీరింగు మీద. ఏటూరునాగారం వైపు బీడీలు చుట్టే తునికాకు కల్లాలు, కలప డిపోలు అన్నీ ఆ ఇంటివే. అందరూ ఆయనను దొర అనేవాళ్ళు, ఆమెను దొరసాని అనేవాళ్ళు. డెబ్బైలలో ములుగు దాటాక రోడ్డు ఎట్లా ఉండేదో చూసినవాళ్ళకే తెలుసు. ఆ రోడ్డు మీద వానలో జీపు నడిపి, వాగులు దాటించి, దొరను చెప్పిన పూటకు ఇల్లు చేర్చేవాడు మా ఆయన.

ఆయనకు లైసెన్సు అంటే ప్రాణం. అప్పట్లో అది చిన్న పుస్తకంలాగా ఉండేది, లోపల ఫొటో అంటించి, పైన ముద్ర కొట్టి. మా రెండు వైపుల బంధువుల్లో మట్టి పని, కల్లం పని చేసినవాళ్ళే తప్ప, సర్కారు ముద్ర కింద తన మొఖం చూసుకున్నవాడు ఆయనొక్కడే. మైనం కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. చొక్కా ఉతకడానికి ఇచ్చినప్పుడు ముందు జేబు తడుముకునేవాడు.

ఎనభైలు వచ్చిన కొత్తలో వాళ్ళ కొడుకు చిన్నదొర బొంబాయిలో చదువు ముగించి వచ్చి, ఇటలీ కారు కావాలని పట్టుబట్టాడు. రెండే సీట్లు, ఎర్ర రంగు, మీద కప్పు తీసి పక్కన పెట్టొచ్చు. ఇక్కడ ఉద్యోగాలు చేసి వాళ్ళ దేశాలకు పోయే తెల్లవాళ్ళ కార్లు కొని, కడిగి, మెరుగు పెట్టి అమ్మే షోరూము హైదరాబాదులో ఒకటి ఉండేది. అక్కడ దొరికింది. కొనే రోజు దొరసాని పూజ పళ్ళెంతో సహా నన్ను వెంట తీసుకుపోయింది.

అంత చల్లని దుకాణం నేను అంతకుముందు చూడలేదు. నేల నున్నటి పాలరాయి, కాలు పెడితే జారుతుంది. దొరసాని కారుకు బొట్టు పెట్టి, నా చేతిలోంచి కొబ్బరికాయ అందుకుంది. టై కట్టుకున్న షోరూము ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అమ్మా! ఇక్కడ కొట్టొద్దు. బండలు పగుల్తయ్."

"బండి కొంటే కొబ్బరికాయ కొట్టనియ్యరా? ఇదేం దుకాణమయ్యా?" అంది దొరసాని.

"మీ ఇంటికాడ కొట్టుకోండమ్మా. ఒకటి గాదు, పది కొట్టుకోండి."

దొరకు, చిన్నదొరకు చల్లని సోడాలు వచ్చాయి. మా ఆయన మాత్రం కారు పక్కన గొంతుక్కూర్చుని, అడుగున చెయ్యి పెట్టి కొలుస్తున్నాడు.

"ఏయ్, చెయ్యి పెట్టకు! మరకలు పడ్తయ్," అన్నాడు షోరూము ఆయన.

"కింద జూస్తాన సారూ. దీని కడుపు నేలకు శానా దగ్గరున్నది. మా దిక్కు రోడ్లు మంచిగుండయ్..."

షోరూము ఆయన దొర వైపు తిరిగి, "డ్రైవర్లను అడిగి కార్లు కొంటరా సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. దొర కూడా నవ్వాడు. మా ఆయన లేచి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

పోయేటప్పుడు ఒక గులాబీ రంగు కార్డు చేతిలో పెట్టారు. ఆరు నెలలు ఏ చిన్న తకరారు వచ్చినా ఒక్క ఫోన్ కొట్టండి, మా మనిషి వరంగల్‌లో ఉంటాడు, అన్నారు.

దారంతా మా ఆయన చిన్నదొరను ఎక్కించుకుని నడిపే ఎర్రకారు ముందు, దొర నడుపుతున్న తెల్లకారులో మేము వెనక. ఎక్కడ గుంత కనిపించినా మా ఆయన ఆపి, దిగి, వంగి చూసి, మళ్ళీ ఎక్కేవాడు. కాజీపేట రైలు గేటు దగ్గర బరువు తగ్గాలని చిన్నదొరనే దిగమన్నాడు. చిన్నదొరకు మండిపోయింది. "ఇది స్పోర్ట్స్ కారురా, నీ ఎడ్లబండి గాదు!" అని గేటు దగ్గర ఉన్నవాళ్ళందరూ వినేటట్టు అరిచాడు.

ఆ ఇంట్లో బండి పూజకు ఒక పద్ధతి ఉండేది. గేటు మధ్యలో రాయి పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని మీదే కొబ్బరికాయ కొట్టాలి. రాయిని కదపకూడదు. బండి దాని మీదుగా, చక్రాలు అటొకటి ఇటొకటి పడేటట్టు దాటిపోవాలి. అప్పుడు బండికి రావాల్సిన గండం ఆ రాయి దగ్గరే ఆగిపోతుందని నమ్మకం. జీపు దాటింది, తెల్లకారు దాటింది, కలప లారీలన్నీ దాటాయి.

అది మా ఆయనకు తెలుసు కాబట్టే, ఇల్లు చేరిన సాయంత్రమే నాతో అన్నాడు. "రేపు రాయి పెట్టకే. కొబ్బరికాయ గోడకేసి కొట్టుమని దొరసానికి చెప్పు. దాని కడుపు కింద బెత్తెడే జాగ ఉన్నది."

చెప్పాను. దొరసాని పూలు గుచ్చుతూ ఉంది. తల ఎత్తలేదు.

"షోరూముల కొట్టనియ్యకపాయె. ఇంటికాడ రాయి పెట్టనియ్యకపాయె. నీ మొగనికి కారు ఎక్కువనా, నా కొడుకు ఎక్కువనా?"

మా ఆయన మాట పోకూడదు, దొరసాని మాట పోకూడదు. తెల్లవారి బట్టలు ఉతికే బండ దగ్గర వెతికి వెతికి, ఉన్నవాటిలో చిన్న రాయి తీశాను. నా పిడికిలి కంటే కొంచెం పెద్దది. చిన్నదే కదా అనుకున్నాను. గేటు మధ్యలో పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, మా ఆయన కారు తెచ్చేలోపే దొరసాని కొబ్బరికాయ కొట్టాక బంతిపూలు బాగా కప్పాను. దొరసానికి కనిపించాలి, మా ఆయనకు కనిపించకూడదు. ఇంతకాలం తర్వాత దాన్ని ఇంకో రకంగా చెప్పలేను.

మా ఆయన స్టీరింగు ముందు కూర్చుని, ఆ పొడుగాటి ముక్కు మీదుగా తొంగి చూశాడు. పూలు కనిపించి ఉంటాయి. తర్వాత నా వైపు చూశాడు. నేను హారతి పళ్ళెం చూసుకున్నాను.

గేటు దగ్గర నేల రోడ్డు వైపుకు ఏటవాలుగా ఉండేది. ముందు చక్రాలు నిమ్మకాయలు తొక్కి పల్లానికి దిగాయి, కారు ముక్కు వంగింది. టప్‌మని చప్పుడు. ఇంకో కొబ్బరికాయ పగిలిందనుకుని చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పుడు బంతిపూల కింద నుంచి నల్లటి నూనె పారుకుంటూ వచ్చింది.

ఆయన దిగాడు. నేల మీద బోర్లా పడుకుని కిందికి చెయ్యి పెట్టాడు. రాయి చూశాడు, నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నన్ను మొదటిసారి చూస్తున్నట్టు ఉంది. లేచి దొర ముందు నిలబడ్డాడు.

"నేనే చూసుకోలే దొరా."

దొరసాని గాజులు సవరించుకుంటోంది. నా చేతి పళ్ళెంలో కర్పూరం ఇంకా వెలుగుతోంది. నోరు తెరవడానికి అంతసేపు ఉండె. తెరవలేదు.

"లైసెన్సు తియ్," అన్నాడు దొర. మా ఆయన మైనం కాగితం విప్పకుండానే ఇచ్చాడు. "నా కారు లేచి నడిచిననాడు వచ్చి తీస్కపో."

షోరూముకు ట్రంకాల్ ఫోను చేశారు. రెండు రోజుల కింద సోడాలు పోసిన మనిషే "ఏ కారు?" అని అడిగాడట. నాలుగోసారి చేస్తే ఒక మనిషి వచ్చాడు. కింద లైటు వేసి చూసి, ఇంజను అడుగున నూనె నిలిచే గిన్నె, వాళ్ళు చాంబర్ అంటారు, అది పగిలిందని చెప్పి, దొర ఇంట్లో అన్నం తిని పోయాడు. గులాబీ కార్డులో చివరన సన్నటి అక్షరాలున్నాయట. డ్రైవరు తప్పు వల్ల తగిలిన దెబ్బకు వాళ్ళ పూచీ లేదట. అది చదివి చిన్నదొర కార్డును మా ఆయన మొఖం మీదికి విసిరాడు.

కారును లారీ ఎక్కించి హైదరాబాదు పంపారు. "పార్టులు మార్చకుండ కావలుండు, బాగయిందాక రాకు," అని మా ఆయననూ దానితోపాటే పంపారు.

రెండు నెలలు చూసి, జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు కట్టుకుని బస్సెక్కాను. షోరూము ముందు ఆ టై ఆయనే ఉన్నాడు. "ఎన్కకెళ్ళి పో," అన్నాడు. వెనక రేకుల షెడ్డు. మా ఆయన ఎవరిదో కారు కడుగుతున్నాడు. చిక్కిపోయాడు, కాళ్ళ వేళ్ళ సందులు నీళ్ళకు పాసిపోయి తెల్లగా ఉన్నాయి. కావలి ఉండమంటే, ఊరికే ఎందుకు కూర్చుంటావని పనిలో పెట్టారు.

అక్కడి ముసలి మెకానిక్ ఒకాయన, సాయెబు, నాకు కుర్చీ తుడిచి వేశాడు. "ఏం జేయాలె బేటీ, ఇది ఇనుము గాదు, అల్మీనం. నా వెల్డింగు పట్టదు. చాంబర్ ఇటలీకెల్లే రావాలె. ఖత్ రాసిండ్రు," అన్నాడు.

మా ఆయన రొట్టె నములుతూ నవ్వాడు. "ఉత్తరం పొయ్యి రెండు నెలలాయె. కారు ముందట కొబ్బరికాయ ఎందుకు గొట్టిండ్రని ఇటలోళ్ళు ఇంకా సోంచాయిస్తాండ్రు కావచ్చు."

నాకు నవ్వు రాలేదు. "నేను జెప్త దొరకు. రాయి నేనే పెట్టిన్నని జెప్త," అన్నాను.

"చెప్పకు," అన్నాడు. నవ్వు పోయింది. "చెప్తే దొరసాని పెట్టుమన్నదని గూడ చెప్పాలె. ఆమె కాదంటది. నీ పని పోతది. ఇద్దరం కూసుంటే ఏం తింటం? జర ఓపిక పట్టు. కారు లేస్తది, లైసెన్సు అస్తది."

చాంబర్ వచ్చేసరికి ఏడాది కావచ్చింది. పెట్టె విప్పి, అడుగున పెట్టి చూస్తే బోల్టు రంధ్రాలు కలవలేదు. కంపెనీ అదే, బండి వేరే. "మళ్ళ రాస్తం," అన్నాడట షోరూము ఆయన. అప్పటికి చిన్నదొర మోజు తీరి బొంబాయిలోనే వ్యాపారం పెట్టుకున్నాడు. దొర విసిగి కారును లారీలో వెనక్కి తెప్పించి, గేటు పక్క షెడ్డులో టార్పాలిన్ కప్పించాడు. మా ఆయనను గేటు దగ్గర కాపలా పెట్టాడు.

జీపుకు కొత్త డ్రైవరు వచ్చాడు. వాడు హారన్ కొడితే మా ఆయన గేటు తీయాలి. తీసి, ఆ ఏటవాలు మీద పక్కకు జరిగి నిలబడేవాడు. నేను వంటింటి కిటికీలోంచి చూడకుండా ఉండాలని పొయ్యి వైపే తిరిగి ఉండేదాన్ని.

"పోగొట్టుకున్ననని జెప్పి ఇంకో లైసెన్సు తీస్కోరాదు?" అని ఒకసారి అడిగాను.

"పోలే గద. దొర అల్మారిల ఉన్నది," అన్నాడు. అంతే.

శుక్రవారం వచ్చిందంటే టార్పాలిన్ తీసి, ఎర్రకారు తుడిచి, సైకిలు పంపుతో నాలుగు టైర్లకూ గాలి కొట్టేవాడు. మళ్ళీ శుక్రవారానికి గాలి దిగిపోయేది. టైర్లు పగుళ్ళు తేలాయి, సీట్లలో ఎలుకలు గూళ్ళు పెట్టాయి, కోళ్ళు గుడ్లు పెట్టాయి. అయినా కొట్టేవాడు. కారు లేచి నడిచిననాడు అన్నారు కదా, దాన్ని లేపి ఉంచాలని ఆయన తిప్పలు.

అట్లా ఏళ్ళు పోయాయి. దొరసాని జబ్బు చేసి పోయింది. ఆ మరుసటి ఎండాకాలం పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి ఎర్రకారును తాళ్ళతో ట్రాక్టరుకు కట్టి లాక్కుపోయారు. గేటు తీసింది మా ఆయనే. అది ఏటవాలు దిగేటప్పుడు అలవాటుగా వంగి కింద చూశాడు.

ఇక లేచి నడిచే కారు లేదు. నేను చేతులు కడుక్కుని దొర గదికి పోయాను. గడప దగ్గరే నిలబడి చెప్పేశాను. రాయి నేను పెట్టానని, ఆయన వద్దన్నా పెట్టానని, దొరసాని పెట్టమన్నదని.

దొర పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నాకెర్కే," అన్నాడు. "రాళ్ళు వాటంతటవే బొట్టు పెట్టుకుంటయా?"

"మరి ఆయన లైసెన్సు ఎందుకు గుంజుకుంటిరి దొరా?"

"నా పెండ్లాం పెట్టించిందని నలుగుర్ల అనాల్నా? మొగోడు, వాడే ఒప్పుకునె."

అల్మారీ తీసి మైనం కాగితం పొట్లం చేతిలో పెట్టాడు. ఆ అల్మారీకి ఇన్నేళ్ళూ తాళం కూడా వేయలేదు.

గేటు దగ్గరికి తీసుకుపోయి ఇచ్చాను. అప్పటికి ఆయన ఒక కంటికి పొర కమ్మింది, రెండో కన్ను కూడా మసకే. లైసెన్సు గడువు తీరి ఎన్నో ఏళ్ళయింది. వెలుతురుకు తిరిగి, పుస్తకాన్ని మొఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఫొటో అంచుకు చెద తగిలింది కానీ మొఖం బాగానే ఉంది, నల్లటి మీసాలతో.

"ఫొటో మంచిగనే దిగిన్నే," అన్నాడు.

జేబులో పెట్టుకున్నాడు. దొరకు మొదటి నుంచీ తెలుసన్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. అన్నేళ్ళూ గేటు దగ్గర అన్నీ తెలిసే నిలబెట్టారని చెప్తే ఆయనకు ఏం మిగిలేది? ఆయన పోయేదాకా చెప్పలేదు. పోయిన రోజు ఆ చొక్కా జేబు నేనే తడిమాను.

గింజలు అయిపోయాయి. ఇక లేవండి. మీ ఇంట్లో నోరు తెరవాల్సిన పూట నోళ్ళు తెరుచుకోవాలి. మీ వాకిలి దాటిన బండి ఏదైనా, నడిపే మనిషితో సహా చల్లగా తిరిగి రావాలి. మీ ఇంటి మనుషులు ఇంకొకరి తప్పుకు గేటు దగ్గర నిలబడే గతి ఏనాడూ పట్టకూడదు. పిల్లాపాపలతో, పొయ్యి ఆరకుండా, నూరేళ్ళు సల్లగుండండి.