బోరు వీరభద్ర కట్టిన పాట

వీరభద్రకు పాటంటే ప్రాణం. పాటకు మాత్రం వీరభద్ర అంటే ఎందుకో మొదట్నుంచీ పడదు. పన్నెండేళ్ల వయసులో రామాలయం భజనలో కూర్చుని గొంతు కలిపాడు. అంతే, కుడిపక్కవాడు చరణం తప్పాడు, ఎడమపక్కవాడు తాళం తప్పాడు, మూడో వరసలో ఒకాయన ఏకంగా వేరే పాట ఎత్తుకున్నాడు. భజన పెద్ద సుబ్బయ్య హార్మోనియం మీద చెయ్యి ఆపి, "నాయనా వీరభద్రా, నువ్వు బయట కూచోని చెప్పులు చూసుకో పో. అదీ దేవుని పనే" అన్నాడు. మాటలో కోపం లేదు, నిజమే ఉంది. అందుకే అది అంత లోతుగా దిగింది.

ఇది జరిగి ముప్పై ఆరేళ్లు. నందికొట్కూరు పక్కన ఆ పల్లెలో ఏ శ్రీరామనవమికి చూసినా పందిట్లో సుబ్బయ్య ఉంటాడు, పందిరి బయట వీరభద్ర ఉంటాడు. చెప్పులు పోయిన దాఖలా ఒక్కటీ లేదు.

బతుకుదెరువుకు వీరభద్ర బోరు బండి మీద డ్రిల్లర్. ఇరవై నాలుగేళ్లుగా కర్నూలు, కడప జిల్లాల్లో ఆయన బెజ్జం పెట్టని మండలం లేదు. రాయచోటి దాకా పోయి భూమిని పొడిచి వచ్చాడు. దేవుడి తమాషా ఏమిటంటే, శృతి అంటే ఏమిటో తెలియని ఆ చెవికి రాయి మాత్రం బ్రహ్మాండంగా తెలుసు. భూమి లోపల ఇనుప రాడ్ల కొసన హ్యామర్ కొట్టే చప్పుడు విని, "ఇది నాపరాయి. ఇంగ రెండు రాడ్లు పొయ్యినాక మెత్తగయితాది" అంటాడు. అన్నట్టే అవుతుంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ల జాడ చూసే పెద్దమనుషులు కూడా చేను గట్టున నిలబడి ఆయన ముఖం వైపే చూస్తారు.

ఈ పిచ్చి ముదిరి, వేసిన ప్రతి బోరు చప్పుడూ ఫోన్లో రికార్డు చేసుకోవడం మొదలుపెట్టాడు. నూటఅరవై దాకా ఉన్నాయి. ఫలానా వాళ్ల చేను, ఇన్ని అడుగులు అని పేర్లు కూడా పెట్టుకున్నాడు. అన్నం తిని మంచమెక్కి, కళ్లు మూసుకుని వింటూ మధ్యమధ్యలో "ఆహా" అంటాడు. భార్య గిడ్డమ్మ వచ్చినవాళ్లందరికీ ఈ సంగతి విప్పి చెబుతుంది.

"అందరి ఫోన్లల్లో బిడ్డల పోటోలుంటాయి. మా యప్ప ఫోన్లో రాళ్లుండాయి. రాయికి 'ఆహా' అనే మొగోన్ని యాడన్నా చూసినారా?"

పోయిన ఎండాకాలం అక్క కూతురు భువన కర్నూలు నుంచి వచ్చి నాలుగు రోజులు ఉంది. డిగ్రీ అయిపోయింది, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు పాడుతుంది. గొంతు తేనె. సొంతంగా ప్రేమపాటలు కూడా కట్టి నెట్‌లో పెడుతుంది. వాటిని నాలుగొందల మంది చూస్తారు, అందులో సగం మంది చుట్టాలే. కొత్త పాట ఒకటి మామకు వినిపించింది. "వస్తానంటివి గదా, వాకిట్లో నిలబడితి గదా" అని పల్లవి. వీరభద్ర చివరిదాకా విని గడ్డం గోక్కున్నాడు.

"బాగుండాది పాపా. కానీ..."

"కానీ ఏంది మామా?"

"నీ పాటలో మొదటి అడుగులోనే నీళ్లు పడిపోతాండాయి. ఇంగ కిందికి దిగేదెందుకు?"

లోపల చారు తాలింపు వేస్తున్న గిడ్డమ్మ పగలబడి నవ్వింది. "చెప్పులు చూసుకునే ఆయప్ప పాటకు వంకలు పెడతాండాడు, వినండమ్మా!"

భువనకు నవ్వు రాలేదు. మామ మాట ఎక్కడో తగిలింది. మామ ఫోను లాక్కుని ఆ రాళ్లన్నీ వినడం మొదలుపెట్టింది. మొదట తలనొప్పి వచ్చింది. తర్వాత కంప్రెసర్ హోరు కింద హ్యామర్ దెబ్బ, దాని కింద రాడ్ల కీచు, అన్నిటికంటే కింద ఏదో మూలుగు వినపడ్డాయి. ఏ రాగానికీ లొంగని ఇలాంటి చప్పుళ్లతో బయటి దేశాల్లో సంగీతం కడతారని ఆమె విన్నది. మధ్యాహ్నానికల్లా, "మామా, ఈ రాళ్లూ నా పాటా కలిపి రీమిక్స్ చేస్తాం. నువ్వూ నేనూ" అంది.

"నేనా?" అన్నాడు వీరభద్ర. ముప్పై ఆరేళ్లలో పాట సంగతిగా ఎవరైనా ఆయన్ను పిలవడం అదే మొదలు.

కర్నూలు పోయి ఆమె మొదటి ముక్క పంపింది. బోరు బండి చప్పుడు కింద తబలా తగిలించి, పైన తన పాట పెట్టింది. వీరభద్ర విని మండిపడ్డాడు. "నా రాయికి తబలా కడతావా? రాయి దాని లెక్కన అది కొడతాది పాపా, మన లెక్కన కాదు!" సరే, నువ్వే చెయ్యమని ఆమె పాటలు అతికించే యాప్ ఒకటి ఆయన ఫోన్లో వేయించింది. ఆ మొద్దు చూపుడువేలితో పదిహేను రోజులు తంటాలు పడి ఆయన తిరిగి పంపినది విని ఆమె నెత్తీనోరూ కొట్టుకుంది. తన తేనె గొంతును మామ ముక్కముక్కలు చేశాడు. ఒకచోట "వస్తా", ఇంకెక్కడో "వాకి", మధ్యలో మూడు నిమిషాలు హ్యామర్.

"పాటను కైమా కొట్టినావు కద మామా!"

"పల్లవి అంతా ఒక్కసారే ఇచ్చేస్తే ఎట్ల? కొంచెం కొంచెం తగలాల. ఉండాదా లేదా అని మనిషికి గుబులుండాల."

భువన అలిగి నాలుగు రోజులు ఫోను చేయలేదు. అయిదో రోజు ఆమె పంపిన ముక్కలో గొంతు తేనెలా లేదు, దాహంతో ఎండినట్టుంది. శృతి వదిలేసి, రాడ్ల కీచుకు అడ్డంగా పాడింది. వీరభద్ర మంచం మీద లేచి కూర్చుని "ఆహా" అన్నాడు. ఈసారి గిడ్డమ్మ వేళాకోళం మాని ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ పోయింది.

అలా ఎనిమిది నెలలు ముక్కలు అటూఇటూ తిరిగాయి. ఆమె కట్టింది ఆయన విప్పాడు, ఆయన విప్పింది ఆమె కట్టింది. చివరకు అయిదు నిమిషాల పాట తేలింది. నాలుగు నిమిషాలు రాయి, రాయి మధ్యలో గొంతు తునకలు. ఆఖరి నిమిషంలో నీళ్లు పడే చప్పుడు, ఆ హోరులో పల్లవి మొత్తం ఒక్కసారిగా.

"మామా, ఒక మాటడుగుతా," అంది భువన ఫోన్లో. "ఈ నాలుగు నిమిషాలూ ఒకే చేను రాయి లెక్కుండాది. ఎవురి చేను?"

"మాదే" అన్నాడు వీరభద్ర.

ఊరందరి చేలలో నీళ్లు పడేసిన మనిషి తన మూడెకరాల్లో మూడు బోర్లు వేశాడు. మూడింట్లోనూ దుమ్మే లేచింది. మూడుసార్లూ గిడ్డమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టుకుని పొద్దున్నుంచి గట్టు మీద నిలబడింది. మూడుసార్లూ సాయంత్రం ఆ పళ్లెం అట్లాగే ఇంటికి తెచ్చింది. ఆ మూడు రోజులూ ఆమె వేళాకోళం ఆడలేదు. అది వీరభద్రకు ఇప్పటికీ గుర్తే.

"మరి నీళ్లో?"

"నేను బోరేసిన ఏసేపు చేన్లోవి. మా రాయికి ఆయప్ప నీళ్లు అతికించినా. బోరు బండి మీద నేనెప్పుడూ అబద్ధం చెప్పలే పాపా. ఈ ఒక్కసారి ఫోన్లో చెప్పినా."

"ఇది మన ఊర్లో వెయ్యాల మామా. శ్రీరామనవమికి, పందిట్లోనే" అంది భువన.

వీరభద్ర కోరికా అదే. పేరు వద్దు, శాలువా వద్దు. ఆ పందిట్లో సుబ్బయ్య ముందర ఆ ముక్క మోగాలి, దాన్ని వాళ్లు పాట అనాలి. కాదంటే మాత్రం ఇక చచ్చేదాకా పాట జోలికి పోకూడదని ఆయన లోపల ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు సంగతి భువనకు ఒక్కదానికే చెప్పాడు. గిడ్డమ్మకు చెప్పకపోయినా తెలుసు.

సుబ్బయ్యను ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. "భువనమ్మ పాడతాదంటే సంతోషం. ఆయప్ప రాళ్లెందుకమ్మా దేవుని ముందర?" అన్నాడాయన. మామ రాళ్లు లేకుంటే నేనూ లేనని భువన భీష్మించుకుంది. చివరికి హారతికి ముందు అయిదు నిమిషాలు ఇచ్చారు.

నవమి నాడు వీరభద్ర పొద్దున్నే కొత్త చొక్కా తొడుక్కున్నాడు. పానకం తాగకుండా పక్కన పెట్టాడు. "పెండ్లికొడుకు లెక్క వణుకుతాండావేంది?" అంది గిడ్డమ్మ. అని, చొక్కా కాలరు సరిచేసింది.

పొద్దు వాలుతుండగా భువన తన గొంతు వరకు తానే పాడడానికి మైకు ముందు నిలబడి, ఫోన్లో రాళ్లు మోగించింది. మైకుసెట్టు బాక్సుల్లో కంప్రెసర్ ఒక్కసారిగా గర్జించింది. చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. వడపప్పు తింటున్నవాళ్లు చేతులు ఆపి చూశారు. సుబ్బయ్య ముఖం ఆముదం తాగినట్టయింది. "దేవుని పందిట్లో బోరు బండేందప్పా!" అని ఎవరో అరిచారు. నలుగురు లేచి పంచెలు దులుపుకున్నారు. వీరభద్ర పందిరి గుంజకు ఆనుకున్నాడు. అయిపోయిందిరా, ఇంత బతుకూ బతికి చెప్పుల దగ్గరికే అనుకున్నాడు.

లేచినవాళ్లు మాత్రం పోలేదు. పోలేకపోయారు. బోరు దిగుతుండగా నడిమధ్యలో లేచిపోయే మనిషిని ఆ సీమలో కన్నవాళ్లు లేరు. నీళ్లు పడతాయా పడవా అన్నది తేలాలి కదా! పంచెలు దులుపుకున్నవాళ్లు మళ్లీ కూర్చున్నారు. ఒకాయన చెవి పక్కన చెయ్యి పెట్టుకున్నాడు. "రాయి మారినాది" అన్నాడు ఇంకొకాయన. "యాడ మారినాది, గట్టిదే ఇంగా" అని మరొకాయన కొట్టిపారేశాడు. మధ్యలో భువన గొంతు తునకలు తునకలుగా వచ్చి పోతుంటే, ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టారు. గిడ్డమ్మ మాత్రం గంట విన్నట్టు తలెత్తింది. అది ఎవరి చేను రాయో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

నాలుగో నిమిషం దాటింది. హ్యామర్ దెబ్బ బరువెక్కింది, తడిసింది, ఆ వెంటనే బుస్సుమని హోరు లేచింది.

"పడినాయప్పా!" అని పందిరంతా ఒక్క కేక. అందరూ లేచి నిలబడ్డారు. నీళ్ల టాంకరు రాక రెండు రోజులైన ఊరు అది. సందుల్లోంచి ఆడవాళ్లు బిందెలతో పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు గంగక్క. ఇరవై ఏళ్లుగా గుడికి కూడా ఇంటి గడప దాటని మోకాళ్లు ఆమెవి. అంతటి సుబ్బయ్య కూడా ఒళ్లు తెలియక హారతికి పెట్టిన కొబ్బరికాయ అందుకుని ఠపీమని మెట్టుకు కొట్టాడు. ఎనిమిది నెలలు కొట్టుకుని కూర్చిన పల్లవిని ఆ గోలలో ఒక్కరంటే ఒక్కరు వినలేదు. భువన మైకు ముందు కళ్లనీళ్లతో నవ్వుతూ పాడేసింది.

చప్పుడు ఆగింది. బాక్సులు తప్ప ఏమీ లేవు. నీళ్లూ లేవు, బండీ లేదు. బిందెలు పట్టుకున్నవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సుబ్బయ్య చేతుల్లో రెండు కొబ్బరిచిప్పలు ఉన్నాయి.

"ఏమప్పా వీరభద్రా, మమ్మల్ని ఆటపట్టిస్తాండావా?" అంది గంగక్క రొప్పుతూ.

వీరభద్రకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. దాహంతో ఉన్న ఊరికి లేని నీళ్లు చూపించినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. "తప్పయిపోయినాది" అన్నాడు, తల ఎత్తకుండా.

సుబ్బయ్య చిప్పల వైపు చూసుకున్నాడు. పగిలిన కాయను మళ్లీ అతికించడం ఆయన వల్ల కూడా కాదు. ఆయన నిదానంగా వచ్చి వీరభద్ర ముందు నిలబడ్డాడు.

"ఇది ఏందో నాకు తెల్దు. ఆ పడిన నీళ్లు మాత్రం నిజం నీళ్లే, నా చెవులు మోసపోవు. ఎవురి చేనప్పా అది?"

వీరభద్ర నోరు తెరిచాడు. నీళ్ల సంగతిలో మనిషి ముఖం మీద అబద్ధం చెప్పడం చేతకాని నోరు అది. ఏసేపు పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"మా చేనే," అంది గిడ్డమ్మ.

ఆడవాళ్లను తోసుకుని వచ్చి మొగుడి పక్కన నిలబడింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. "మా మూడెకరాల చేనే సుబ్బయ్యన్నా. మూడించుల నీళ్లు పడినాయి."

ఆ చేను సంగతి ఆ పందిట్లో తెలియనివాళ్లు లేరు. మూడు దుమ్ముబోర్లనూ గట్టు మీద నిలబడి చూసినవాళ్లే సగం మంది. ఒక్కరూ నవ్వలేదు. గంగక్క బిందె కింద పెట్టి, దాని పక్కనే కూలబడి, "మూడించులా! సల్లగుండు తల్లీ" అంది.

సుబ్బయ్య మైకు దగ్గరున్న భువన వైపు తిరిగాడు.

"హారతి తర్వాత ఇచ్చుకోవచ్చు. మొదట్నించి ఇంగోసారి పెట్టు తల్లీ, ఆ పాట."