నిమ్మగడ్డి కోసం ప్రార్థన

తార్నాకలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో రెండు గడ్డి కట్టలున్నాయి. బస్సంతా నిమ్మవాసన.

"చాయ్‌లకా బిడ్డా?" అన్నాను.

"మా అమ్మ గూడ గట్లనే అంటది ఆంటీ. పీహెచ్‌డీకి," అని నవ్వింది. "రెండు ఒక్కతీరే కనవడ్తయ్. ఇయ్యాల లోపటి నూనె తీసి, దాంట్ల ఏమేమున్నయో మిషన్‌ల చూస్తం. రెండు జాతులో, ఒక్కటో తేలిపోతది."

వేర్వేరు జాతులన్న నమ్మకంతోనే ఆమె థీసిస్ సగం రాసేసిందట. ఒకటే అని తేలితే అంతా మళ్లీ మొదటికొస్తుంది.

అది విన్నాక ఊరుకోలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని, "ప్రభువా, ఇవి రెండు జాతులని తేల్చు తండ్రీ," అని ప్రార్థన మొదలుపెట్టాను.

ఆమె మెల్లగా నా చెయ్యి నొక్కింది. "గట్లొద్దు ఆంటీ. ఏది నిజమో గదే తేలాలని అడుగుండ్రి."

"ఒకటే అని తేలితే?"

"ఒక పూట ఏడుస్త. మళ్ల మొదలువెడ్త."

అలాగే అడిగాను. బొట్టు పెట్టుకున్న ఆ పిల్ల నాకంటే గట్టిగా ఆమెన్ అని, క్యాంపస్ స్టాపులో దిగిపోయింది.

ఏం తేలిందో నాకు తెలియదు. కానీ ఇప్పటికీ, ఇదే కావాలని ప్రభువును తొందరపెట్టేటప్పుడు, ఎవరో మెల్లగా నా చెయ్యి నొక్కినట్టుంటుంది.