మా వాకిలి రోడ్డా, కాదా

మా ఇంట్లో చట్టాన్ని ఒక్కసారి కూడా మీరని సభ్యుడెవరయ్యా అంటే మా నాయన కారే. అతివేగం లేదు, సిగ్నల్ దాటింది లేదు, తాగి నడిపిన వాళ్ళని మోసింది లేదు. చిత్తూరులో మా వాకిట్లో, బోరు పక్కన, కొన్నేళ్ళుగా అది పడమటి వైపు చూస్తూ నిలబడి ఉంది. అంత నిలకడ మా వంశంలో ఇంకెవరికీ లేదు.

కంటి ఆపరేషన్ అయ్యాక నాయన కారు నడపడం మానేశాడు. నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి బస్సులో వచ్చిపోతుంటాను. నాకు డ్రైవింగ్ వచ్చు గానీ, నా డ్రైవింగ్ ఆ కారుకు నచ్చదని నాయన నమ్మకం. కారు ఆగింది, బ్యాటరీ చచ్చింది, ఆ తర్వాత ఇన్సూరెన్సు గడువూ తీరిపోయింది. నాయన మళ్ళీ కట్టలేదు. "నిలబడుకున్న బండికి ప్రమాదం యాడనుంచి వస్తాదిరా?" అనేవాడు. పోనీ అమ్మేద్దామా అంటే వినపడనట్టు ఉండేవాడు. ఆ ఆపరేషన్ చెవులకు కూడా చేశారేమోనని అమ్మ అనుమానం.

కారు ఊరికే నిలబడిందని చెప్పడం మాత్రం అన్యాయం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మిద్దె ఎక్కలేదు. కారు బానెట్ సరిగ్గా ఆమె నడుమెత్తున ఉంటుంది. కుక్కలకు అందదు, వంగే పని లేదు, పైగా రేకు వేడెక్కుతుంది. దానిమీద తెల్లగుడ్డ పరిచి ఆమె వడియాలు పెట్టుకునేది. లెక్కకు వస్తే ఆ కారులో ఇంజను కంటే బానెట్టే ఎక్కువ పని చేసింది.

గొడవ తెచ్చింది మా ఎదురింటి మామ. ఆయన రిటైరైన హెడ్ కానిస్టేబుల్. ఉద్యోగమంతా ట్రాఫిక్‌లో గడిచింది. రిటైరయ్యాక అన్నీ అప్పగించాడు గానీ విజిల్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే మా ఇంటికొచ్చి కాఫీ తాగి పోతాడు. ఒకరోజు లోటాలో కాఫీ ఆర్చుకుంటూ కారు వైపు చూసి, "బావా, ఇన్సూరెన్సు లేని బండిని పెట్టుకోనుండావు. ఇప్పుడు కాలం మంచిది కాదప్పా. కెమెరాలే పట్టేస్తా ఉండాయి" అన్నాడు.

"నా వాకిట్లో కెమెరా ఎవురు పెడతారు?" అన్నాడు నాయన.

నాయన నిశ్చింతగానే ఉన్నాడు. విన్నది అమ్మ. "పోలీసోళ్ళు ఇంటికొచ్చేది మన ఇంటావంటా లేదు" అంది. మామ రోజూ వచ్చేది ఆమె లెక్కలోకి రాదు. తర్వాత తీర్పు చెప్పింది: "చట్టం ఒప్పుకుంటే అది ఈడనే ఉండనీ. ఒప్పుకోకుంటే పాత ఇనుమోడిని పిలిపిస్తా. వడియాలు చాట్లో ఎండబెట్టుకుంటా."

అమ్మ గట్టిగా మాట్లాడదు. అందుకే భయం. ఆ పూట నాయన కారును రెండోసారి తుడిచాడు.

చట్టం ఏమంటుందో కనుక్కునే పని నామీద పడింది. తిరుపతిలో రవాణా ఆఫీసుకు పోయాను. దాన్ని మావైపు ఇప్పటికీ బ్రేకినస్పెక్టరాఫీసు అనే అంటారు. కిటికీ వెనక ఉన్న గుమాస్తాను అడిగాను, నడపని కారుకు ఇన్సూరెన్సు ఉండాలా అని.

"బండి యాడుండాది?"

"ఇంట్లో సార్."

"ఇంట్లో అంటే హాల్లోనా?"

"వాకిట్లో."

"గేటుండాదా?"

"ఉంది."

"మూస్తారా?"

నన్ను జీవితంలో ఎవరూ అడగని ప్రశ్న అది. నా మొహం చూసి ఆయనే విడమరిచి చెప్పాడు. పబ్లిక్ ప్లేసులో బండి వాడాలంటే ఇన్సూరెన్సు తప్పదు. పబ్లిక్ ప్లేసంటే ఒక్క రోడ్డే కాదు, జనానికి వచ్చిపోయే హక్కు ఉన్న చోటు ఏదైనా అంతే. ఆటో, లారీ లాంటివైతే ఆపేస్తున్నామని ముందే రాసివ్వాలి, లేకపోతే ట్యాక్సు పడుతూనే ఉంటుంది. సొంత కారుకు ఆ బాధ లేదు, ట్యాక్సు కొన్నప్పుడే కట్టేసి ఉంటారు. "మీ సొంత చోట్లో, గోడలోపల, కదలకుండా పెట్టుకోండి. ఎవురూ అడగరు" అన్నాడు.

నేను సంతోషంగా బస్సెక్కి ఇంటికొచ్చి ఇదంతా ఒప్పజెప్పాను. నాయన మీసం దువ్వుకున్నాడు. కాఫీ తాగుతున్న మామ మాత్రం లోటా కింద పెట్టాడు.

"అట్లయితే మీ వాకిలి పబ్లిక్ ప్లేసే కద బావా."

"నా తాత కట్టించిన గోడ. నా సొంతం."

"గోడ సొంతమే. జనం తిరగతా ఉండారే."

సరిగ్గా అప్పుడే పూలమ్మే అవ్వ బుట్ట నెత్తిన పెట్టుకుని, "జరుగు నైనా" అంటూ వాళ్ళిద్దరి మధ్యలోంచి దాటుకుని పోయింది.

సంగతేమిటంటే మా వాకిలికి రెండు గేట్లు. తూర్పు గేటు పెద్ద వీధిలోకి, పడమటి గేటు వెనక సందులోకి. వీధి చుట్టి పోవడం కంటే మా వాకిట్లోంచి పోతే దగ్గర. మా తాత కాలం నుంచీ ఆ రెండు గేట్లూ బార్లా తెరిచే ఉన్నాయి. బడిపిల్లలు, పాలవాళ్ళు, అప్పుడప్పుడూ ఒక గేదె, అందరూ అందులోంచే. ఒకసారి పెళ్ళి ఊరేగింపు కూడా పోయింది. పెళ్ళికొడుకు మా కారు అద్దంలో చూసుకుని తలపాగా సర్దుకున్నాడు.

కారు మిగలాలంటే వాకిలి రోడ్డు కాదని తేలాలి. నాయన ఆదివారం పొద్దున్నే తుప్పు పట్టిన గేట్లకు నూనె పోసి, మూసి, కొత్త తాళాలు వేశాడు. తూర్పు గేటుకు అట్టముక్క కట్టాడు. దానిమీద ఆయన చేతిరాతతోనే "ఇది దోవ కాదు" అని ఉంది. తర్వాత చేతులు కడుక్కుని లోపలికి పోయి పేపరు చదువుకోసాగాడు.

ఆయన ఒక్కటి మరిచిపోయాడు. ఎప్పుడూ మూయని గేటు పట్టపగలు మూసుకుందంటే మా వీధిలో దానికి ఒకటే అర్థం.

ఎండ ముదరకముందే గేటు ముందర జనం చేరారు. ఎవరూ పిలవలేదు. మగవాళ్ళు తలగుడ్డలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. పూలమ్మే అవ్వ ఎవరూ అడక్కుండానే పెద్ద మాల ఒకటి తెచ్చింది. అమ్మ ఏం జరిగిందోనని బయటికొస్తే ఆడవాళ్ళు ఆమెను గేటు ఊచల్లోంచే పట్టుకున్నారు.

"ఎప్పుడుమే? నిన్న గూడా చూసినానే" అంది ఒకామె కళ్ళు తుడుచుకుంటూ.

"ఎవురిని చూసినావు?"

"నైనాని."

నాయన పేపరుతో సహా బయటికొచ్చాడు. జనం కొంచెం వెనక్కి జరిగారు.

"మరి గేటేల మూసినారు?" అంది అవ్వ. ఆ గొంతులో సంతోషం లేదని నేననను. ముందు కనపడింది మాత్రం మాల వృథా అయిందన్న బాధ.

"కారు కోసం" అన్నాడు నాయన.

అంతమంది ఒకేసారి కారు వైపు చూడటం నేను అంతకుముందు చూడలేదు.

అప్పటికే పలమనేరులో ఉన్న మా పిన్నమ్మకు ఎవరో ఫోన్ చేసేశారు. ఆమె నాకు ఫోన్ చేసి, "బస్సెక్కినాను. నేనొచ్చేదాకా ఎత్తొద్దండి" అని పెట్టేసింది. మేం తిరిగి చేస్తే ఏడుస్తూ ఉన్నందువల్ల ఎత్తలేదు. మధ్యాహ్నానికి వచ్చింది. నాయన సంగటి ముద్దలోకి ఊరిబిండి పచ్చడి నంజుకుంటూ, "రామ్మా, కూసో" అన్నాడు. పిన్నమ్మ ఆయన్ని కాసేపు పరిశీలనగా చూసి, "ఇంతకీ నేను తలకు పోసుకోవాల్నా, వద్దా?" అని అమ్మను అడిగింది. ఎందుకైనా మంచిదని పోసుకుంది.

ఆ రోజు నుంచి వీధి మాతో మాట్లాడటం తగ్గించింది. మామ కాఫీకి రావడం మానేశాడు. పడమటి సందులో పాలకేంద్రానికి ఆయన వీధంతా చుట్టుకుని పోతున్నాడు. పోతూ మా గేటు ముందు ఆగి, బోర్డు చదివి, మళ్ళీ నడుస్తాడు. రోజూ చదివేవాడు.

వారం తిరక్కముందే ఆయుధపూజ వచ్చింది. మా ఊళ్ళో ఆ రోజు పూజ జరగని బండి ఉండదు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, బండిని వాటిమీదుగా నడిపించి చిదపాలి. నడవని బండికి ఇందులో మినహాయింపు ఉందేమోనని నేను అడిగితే నాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఏటా వీధిలో జనం వాకిట్లోకి వచ్చి తలా ఒక చెయ్యి వేసి తోసేవాళ్ళు. ఈసారి గేట్లకు తాళాలు.

నాయన కారు కడిగాడు, పసుపు కుంకుమ పెట్టాడు, పెద్ద మాల వేశాడు. అది ఏ మాలో నేను అడగలేదు. స్టీరింగ్ ముందు కూర్చుని "తొయ్యిరా" అన్నాడు. నేను తోశాను. అమ్మ ఒక చెయ్యి వేసింది. కారు కదల్లేదు. నిమ్మకాయలకు ఏమీ కాలేదు. ఎదురింటి అరుగు మీద మామ, ఆయన పక్కన అవ్వ, ఇంకా కొందరు కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

చివరికి నాయన దిగి, రెండు తాళాలూ తీసి, రెండు గేట్లూ బార్లా తెరిచాడు. "రాండప్పా" అన్నాడు.

"ఇది దోవ కాదు కద బావా, మేము ఎట్ల వచ్చేది?" అన్నాడు మామ కూర్చున్న చోటు నుంచే.

నాయన అట్టముక్క విప్పి చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు వచ్చారు. ఏటా వచ్చే వాళ్ళకంటే ఎక్కువమందే వచ్చారు. అన్ని రోజుల కోపమంతా చేతుల్లో ఉందేమో, తోపు కూడా ఏటా కంటే బలంగానే పడింది.

నిమ్మకాయలు చితికాయి. కారు ఆగలేదు. మా వాకిలి పడమటికి కొంచెం వాటం. నాయన బ్రేకు తొక్కితే అది అడ్డు చెప్పకుండా కిందిదాకా పోయింది. అంతా చాలా నిదానంగానే జరిగింది. ఒక కోడి కారుకు అడ్డం దాటి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కొచ్చి, మళ్ళీ దాటింది. కారు పడమటి గేటులోంచి సగం బయటికి పోయి, ముందు చక్రాలు మురుగుకాలవ మీది మోరీ బండలు దాటి సందులో ఆనుకుని ఆగింది.

అందరూ అమ్మ వైపు తిరిగారు. పాత ఇనుము సంగతి వీధిలో తెలియని వాళ్ళు లేరు.

అమ్మ నిదానంగా నడిచివచ్చి చక్రాల దగ్గర నిలబడింది. "తమ్ముడా, నువ్వు సెప్పు. ఇప్పుడిది రోడ్డు మీద ఉండాదా, లేదా?" అని మామను అడిగింది.

నాయన కారు దిగలేదు. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా ఉన్న పాలకేంద్రం గోడను చూస్తూ కూర్చున్నాడు. దూరప్రయాణం మధ్యలో ఉన్నవాడిలా ఉన్నాడు.

మామ గొంతు సవరించుకున్నాడు. "వెనక చక్రాలు లోపలే ఉండాయి. ముందర చక్రాలంటావా..." అని ఆగాడు. ఆయన చూపు బార్లా తెరిచిన గేటు మీద పడింది. కారు ఇనుముకు పోతే ఆ కోపంతో నాయన ఈ గేటు మళ్ళీ తెరుస్తాడా అని ఆయన ఆలోచిస్తున్నట్టు నాకనిపించింది.

"కాణిపాకంలో ప్రమాణం చేస్తా, కారు రోడ్డు మీదకి రాలే" అంది అవ్వ కారు ముందు నిలబడి.

"అవ్వా, నువ్వు యాడ నిలబడుకోనుండావు?" అన్నాడు ఎవరో.

"రోడ్డు మీద" అంది అవ్వ.

"అక్కా, నేను రిటైరైపోయినా" అన్నాడు మామ.

అప్పుడు కారులోంచి నాయన, గోడనే చూస్తూ, "ఇన్సూరెన్సు కట్టేస్తాలేమే" అన్నాడు. "గేటు గూడా మూయను."

అమ్మ ఆయన్ని చూసింది. "ఈ మాట మా చెల్లెలు తలకు పోసుకోకముందు సెప్పుంటే బాగుండు" అంది. అని, నా వైపు తిరిగి, "పాత ఇనుమోడు వద్దులే. అందరికీ కాఫీ పెడతా, లోపలికి తొయ్యండి" అంది.

ఇన్సూరెన్సు కట్టాం. బ్రేకులు బాగుచేయించాం. ఇంజను జోలికి మాత్రం నాయన ఎవర్నీ పోనివ్వలేదు, ఆయనే చూసుకుంటానన్నాడు. ఇంకా చూసుకుంటున్నాడు. ఆ అట్టముక్కను అమ్మ వడియాల పిండి మీద మూతగా వాడుతోంది.

ఎండాకాలం వచ్చింది. పక్కింటివాళ్ళు మిద్దె మీద ఇంకో అంతస్తు లేపారు. మా వాకిట్లో నీడ పడింది. అమ్మ తెల్లగుడ్డ, పిండి గిన్నె పట్టుకొచ్చి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, పెదవి విరిచింది. పడమటి సందులో ఎండ ఫెళ్ళున కాస్తోంది.

"ఇన్సూరెన్సు ఉండాది కదా?" అని అడిగింది నన్ను.

"ఉంది."

"మరింకేం. ఆ సందులోకి తొయ్యండి."

అప్పటి నుంచి వడియాలు పెట్టే రోజుల్లో పొద్దున్నే జనం వచ్చి కారును సందులోకి తోస్తారు, సాయంత్రం లోపలికి తోస్తారు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. మామ విజిల్ తెచ్చుకుని మోరీ దగ్గర నిలబడి, సైకిళ్ళను ఆపి, చెయ్యి చూపించి కారును గోడ పక్కకు తెస్తాడు. తర్వాత అద్దం మీద వేలితో కొట్టి కాగితాలు అడుగుతాడు. నాయన అద్దం దించి లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు వరసగా అందిస్తాడు. మామ అన్నీ చదివి, గుడ్డ మీంచి పచ్చి వడియం ఒకటి నోట్లో వేసుకుని, "సరిగ్గా ఉండాయి. ఇంక పోవచ్చు బావా" అంటాడు.

నాయన తలూపి అద్దం ఎత్తుకుంటాడు. కారు ఎక్కడికీ పోదు.