నీళ్ళు తగలని బ్రష్షు

మా మరిదికి వీధిలో ఉన్న పేరు ‘ఆగండిగారు’. అసలు పేరు కరెంటు బిల్లు తెచ్చేవాడికి తప్ప ఇంకెవరికీ గుర్తుండదు. సెలూన్లో కుర్చీ ఖాళీ కాగానే బెంచీ మీదున్న మనిషి హడావుడిగా లేచి వస్తాడు. ఈయన అటు తిరక్కుండానే “ఆగండి” అంటాడు. అప్పటిదాకా వాడిన దువ్వెన, కత్తెర, మిషను పళ్ళు సబ్బునీళ్ళలో తోమి, కడిగి, తుడిచి, గాజు జాడీలో ఉన్న మందునీళ్ళలో ముంచుతాడు. రేడియోలో రెండు పాటలు అయ్యేదాకా వాటిని పైకి తియ్యడు. మధ్యలో వార్తలు మొదలయ్యాయంటే ఇక మీ ఖర్మ.

“ఇంకో జత కొనుక్కోరాదటయ్యా” అన్నాను ఒకసారి. కొన్నాడు. ఇప్పుడు ఆ జత కూడా పూర్తిగా ఆరేదాకా ఎవర్నీ ముట్టనివ్వడు. ఆగడం మాత్రం అలాగే ఉంది.

మా ఇల్లు సెలూన్ వెనకే. మధ్యలో ఒక్క తలుపు. కొట్లో తువ్వాళ్ళు ఉడకబెట్టి ఉతికే పని నాది. ఎండలో ఆరేసి, మడతపెట్టి తెస్తే, ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి గాని అరలో పెట్టడు. నా వంటకి ఏనాడూ వంక పెట్టని మనిషి, నా ఉతుకుడికి మాత్రం పెట్టేవాడు.

“అన్నీ ఒకేసారి ఆ మందులో పడేస్తే పోదా? ముందు సబ్బెందుకు, తోముడెందుకు?” అని అడిగాను కొత్తలో.

“మురికి మీద మందు పోస్తే మురికికి స్నానం చేయించినట్టే వదినా. దాని కింద ఉన్నది హాయిగానే ఉంటుంది. ముందు కడగాలి. తర్వాతే మందు.”

మా ఆయనకి ఇదంతా చాదస్తం. “వీడు చేసేది కటింగా, ఆపరేషనా?” అని నవ్వేవాడు. నవ్వినా, తమ్ముడి మీదే ఇల్లు నడుస్తోందని ఆయనకి తెలుసు. బస్సు నడిపే మనిషి, మోకాలు దెబ్బతిని స్టీరింగు వదిలేశాడు. అప్పట్నుంచీ ఇంటిల్లిపాదికీ ఆ ఒక్క కుర్చీయే అన్నం.

నాకు మాత్రం అది చాదస్తంలా అనిపించలేదు. తువ్వాళ్ళు పట్టుకుని మధ్య తలుపు దగ్గర నిలబడి చాలాసార్లు చూస్తూ ఉండిపోయేదాన్ని. కుర్చీలో కూర్చున్నవాడు అద్దంలో తన మొహమే చూసుకుంటాడు గాని ఈయన చేతుల వంక చూడడు. కొత్త బ్లేడు కాగితం అతని కళ్ళ ముందే విప్పుతాడు, అయినా చూడడు. పని కాగానే ఆ బ్లేడు విరిచి డబ్బా కన్నంలో వేస్తాడు, అదీ చూడడు. ఒక్క పూట ఎగ్గొడితే అడిగే నాథుడు లేడు. అయినా మొదటివాడికి చేసిందే చివరివాడికీ చేసేవాడు. అలాంటి ఓపిక నాలో వెతికినా దొరకదు. 

ఇలా ఉండగా పిల్లలకి తామర మొదలైంది. ముందు మూలనున్న ఇస్త్రీ బండి అక్క కొడుక్కి వచ్చింది. మెడ వెనకాల గుండ్రంగా ఎర్రటి మచ్చ లేచి, తలలోకి పాకి, అక్కడ జుట్టు ఊడిపోయింది. తర్వాత పాలబూతు వాళ్ళ పిల్లాడికి, ఆ తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురికి. తల్లులందరూ కుళాయి దగ్గర పంచాయితీ పెట్టారు. బడిలో టోపీలు మార్చుకుంటున్నారని ఒకామె, పిల్లిని ఎత్తుకుంటున్నారని ఇంకొకామె. పెద్దరోడ్డు మీద సెలూన్ల వల్లేనని మరొకామె అంటే, “మా వాడు అక్కడికి పోడు, ఆగండిగారి దగ్గరికే పోతాడు. ఆయన దగ్గర రానే రాదు” అని ఇస్త్రీ అక్కే గట్టిగా చెప్పింది. నేను బిందె ఎత్తుకుని గర్వంగా ఇంటికొచ్చి ఆ మాట మరిదికి చెప్పాను.

ఆయన సంతోషపడలేదు. ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళి పిల్లాణ్ణి వెనక్కి తిప్పి చూశాడు. పాలబూతు పిల్లాణ్ణీ చూశాడు. మిగతావాళ్ళనీ చూశాడు. వచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు.

“అందరికీ ఒకే చోట వదినా. మెడ వెనక మొదలై పైకి పాకింది. అందరూ నా దగ్గర చేయించుకున్నవాళ్ళే.”

“నువ్వు కడిగినట్టు ఇంకెవడు కడుగుతాడయ్యా?” అన్నాను.

“అదే నాకూ అర్థం కావట్లేదు” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, తనే కుర్చీలో కూర్చుని నన్ను పిలిచాడు. “నాకు కటింగు చెయ్యి వదినా.”

నాకు నవ్వాగలేదు. మా మరిదిది అరచేతిలా నున్నటి బట్టతల. “లేని జుట్టుకి కటింగేంటయ్యా?”

“చేసినట్టు చెయ్యి చాలు. నేను రోజూ చేసే వరసలో చెయ్యి. ఒంటికి ఏది తగిలితే దాని పేరు చెప్పు.”

చూసి చూసి ఆ వరస నాకు కంఠతా వచ్చు. మెడ చుట్టూ తువ్వాలు కట్టాను. “తువ్వాలు” అన్నాను. “ఉడికిందే” అన్నాడు. పైన గుడ్డ కప్పాను. “ఉతికిందే.” దువ్వెన. “కడిగిందే.” కత్తెర. “కడిగిందే.” మిషను. “కడిగిందే, నూనె కూడా వేశాను.” గడ్డం కత్తి తీసుకుని మెడ వెనక గీసినట్టు చేశాను. “కొత్త బ్లేడు” అన్నాడు. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. నేను గుడ్డ విప్పి, అలవాటుగా అద్దం పక్కన కొక్కేనికి వేలాడుతున్న పౌడరు బ్రష్షు తీసి, మెడ మీద వెంట్రుకలు దులిపినట్టు అటూ ఇటూ రాశాను.

“పౌడరు బ్రష్షు” అన్నాను.

 అద్దంలో చూస్తే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నా చెయ్యి ఆయన మెడ మీదే ఆగిపోయింది.

ఆ బ్రష్షు ఆయనకి పని నేర్పిన పెద్దాయన ఇచ్చింది. నల్లటి చెక్క పిడి, పట్టులాంటి మెత్తటి కుచ్చు. సెలూన్ తెరిచిన రోజు చేతిలో పెట్టి, “దీనికి నీళ్ళు తగలనివ్వకు, కుచ్చు ఊడిపోతుంది” అని చెప్పాడట. ఈయన తగలనివ్వలేదు. పౌడరు చల్లడం, అరచేతికేసి కొట్టడం, కొక్కేనికి తగిలించడం, అంతే. కొట్లో ఉన్న సామాను మొత్తానికీ అదే తెల్లగా, ఘుమఘుమలాడుతూ ఉండేది. మురికంటే నల్లగా, కంపు కొడుతూ ఉంటుందనుకున్నాం. ప్రతి మెడ మీదా, ప్రతి చెవి వెనకా, అందరికీ చిట్టచివర తగిలేది అదొక్కటే. దానికి మాత్రం ఏనాడూ నీటిచుక్క తగల్లేదు.

మా మరిది ఆ సాయంత్రమే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళొచ్చాడు. డాక్టరు ఉన్నమాట చెప్పాడు. బ్రష్షు వల్ల రావచ్చు, టోపీ వల్లా రావచ్చు, పిల్లి వల్లా రావచ్చు. ఇప్పుడు ఎవరూ తేల్చి చెప్పలేరు. తలలోకి పాకిన పిల్లలకి మాత్రం పూతమందు చాలదు, మాత్రలు వాడాలి, అందర్నీ పంపించమన్నాడు.

అది విని మా ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “తేల్చి చెప్పలేమన్నాడుగా. ఆ బ్రష్షు అవతల పారేసి నోరుమూసుకో. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కముందే నువ్వెందుకురా ఎగబడతావు?”

“పిల్లలకి ఇంట్లో ఏదో పూత రాసి ఊరుకుంటున్నారు అన్నయ్యా. మాత్రలు వెయ్యాలని వాళ్ళకి తెలీదు.”

“డాక్టరు చెప్పాడని చెప్పు. నీ బ్రష్షు సంగతి ఎందుకు?”

“అది చెప్పకపోతే ఇంకా ఎవరెవరి మెడ మీద రాశానో వాళ్ళు చూసుకోరు కదా.”

“కొరివితో తల గోక్కుంటున్నావు. రేపట్నుంచి ఆ కుర్చీలో ఎవడు కూర్చుంటాడు? మనం ఏం తిని బతుకుతాం?”

  మా ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, భయం ఉంది. నాకూ అదే భయం. మా మరిది బ్రష్షుని కాగితంలో చుట్టి, సంచిలో పెట్టి ముడేసి, చెత్తడబ్బాలో వేశాడు. గురువు ఇచ్చిన వస్తువు కదా, వేసేటప్పుడు కళ్ళు తడిశాయి. తర్వాత చెప్పులేసుకున్నాడు. ఒక్కణ్ణే పంపించడం ఇష్టంలేక నేనూ వెంట వెళ్ళాను.

ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట. “మీ పిల్లాడికి తామర నా బ్రష్షు వల్ల వచ్చి ఉండొచ్చు. దాన్ని నేనెప్పుడూ కడగలేదు. పూతతో సరిపెట్టకండి, డాక్టరుగారికి చూపించండి. దిండు గలేబులు వేణ్ణీళ్ళలో ఉతకండి.” పిల్లలు లేని ఇళ్ళలో పెద్దవాళ్ళని మెడ చూసుకోమన్నాడు. కొందరు తలుపు వేసేశారు. ఒకాయన మాత్రం మంచినీళ్ళిచ్చాడు.

చేతిలో దొంగసొత్తు పట్టుకుని నాది కాదని వాదించేవాళ్ళని నేను బోలెడుమందిని చూశాను. ఎవరూ అడక్కముందే మెట్లెక్కి వచ్చి, నేనేనేమో అని చెప్పే మనిషిని మాత్రం అప్పుడే చూడటం. ఆయన వెనకాల నిలబడి నేను నోరెళ్ళబెట్టి చూశాను. నా నోరు మామూలుది కాదు, ఇంటికొకరితో తగువు పెట్టుకోగలను. ఆ రోజు మాత్రం మూసుకుంటున్న తలుపుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఇస్త్రీ అక్క వింటున్నంతసేపూ చొక్కా మీద పెట్టె తోస్తూనే ఉంది. విన్నాక పెట్టె పక్కన నిలబెట్టింది.

“మావాడి తల చూశావుగా? బడిలో పక్కన ఎవరూ కూర్చోవట్లేదు. ఇన్నాళ్ళూ ఆగండి ఆగండి అని మమ్మల్ని కూర్చోబెట్టి నువ్వు కడిగింది ఇదా?”

“నిజమే అక్కా” అన్నాడు మా మరిది తల వంచుకుని.

“ఇంకెప్పుడూ నా బండి ముందుకి రాకు.”

ఆ మర్నాటి నుంచి సెలూన్ బెంచీ ఖాళీ. ఈగలు తోలుకుందామన్నా మా కొట్లో ఈగలు కూడా ఉండవు. పెద్దరోడ్డు సెలూన్ల వాళ్ళు ‘ఇక్కడ అంతా శుభ్రం’ అని అట్టలు రాసి వేలాడదీశారు. జనం అటే పోయారు. పిల్లలకి మాత్రలు పడ్డాయి, మచ్చలు మానుతున్నాయని కుళాయి దగ్గర వింటూనే ఉన్నాను. నన్ను చూసి మాత్రం మాట మార్చేవాళ్ళు.

మా మరిది రోజూ పొద్దున్నే షట్టరెత్తి సామానంతా తీసేవాడు. ఎవరికీ వాడని కత్తెర తోమి, ఎవరికీ తగలని దువ్వెన కడిగి, మందునీళ్ళు పారబోసి కొత్తవి కలిపి, అన్నీ ముంచేవాడు. మెడ దులపడానికి ఇక బ్రష్షు వద్దనుకున్నాడు. మనిషికొక చిన్న తువ్వాలు చొప్పున నా చేత కుట్టించి దొంతర పేర్చాడు. ఆ దొంతర తగ్గిందే లేదు.

“వాడనివాటిని ఎందుకయ్యా కడగడం?” అని ఉండబట్టలేక అడిగాను.

“వాడేటప్పుడు ఒకటి కడగలేదు కదా వదినా. ఇప్పుడు ఎవరో వస్తే, వాళ్ళకి నా నోటి మాట చాలదు.”

ఆ మాటకి నాకు దుఃఖం వచ్చింది. ఆయన వీపు నా వైపు ఉంది, చేతులు తొట్టిలో ఉన్నాయి. గుళ్ళో నిలబడితే కూడా నాకు అంత భయం, అంత గౌరవం కలగలేదు.

చివరికి మా ఆయన కుర్చీకి బేరం పెట్టాడు. పెద్దరోడ్డు నుంచి ఒకతను వచ్చి, కూర్చుని, వెనక్కి వాల్చి, గుండ్రంగా తిప్పి చూసుకున్నాడు. ఆదివారం బండి తెచ్చి పట్టుకెళ్తానన్నాడు.  అతను లేచి వెళ్ళాక మా మరిది కుర్చీ తలదిండు తుడిచాడు.

శనివారం పొద్దున ఇస్త్రీ అక్క కొట్టు ముందుకొచ్చి నిలబడింది. తగువు ఇంకా మిగిలుందేమోనని నేను కొంగు బిగించి బయటికొచ్చాను. ఆమె నా వంక చూడలేదు.

“మా నాన్నకి గడ్డం చెయ్యాలి. మంచంలో ఉన్నాడు, కదల్లేడు. ఒళ్ళంతా ఉల్లిపొరలా అయిపోయింది, గోరు తగిలినా చిట్లుతోంది. ఏ చిన్న గాయమైనా మానట్లేదు, జాగ్రత్త అని డాక్టరు చెప్పాడు.”

మా మరిది చేతులు తుడుచుకుంటూ, “నన్ను రమ్మంటున్నావా అక్కా?” అన్నాడు.

“పెద్దరోడ్డు వాళ్ళందర్నీ అడిగొచ్చాను. అందరూ మాది శుభ్రమే అన్నారు. వాళ్ళది పాడైన రోజు నాకెవరు చెప్తారు? నువ్వైతే చెప్తావు.”

మా ఆయన లోపల్నుంచి కుంటుకుంటూ వచ్చి, ఆ మాట విని, గోడకి చేరబడ్డాడు. మా మరిది మాత్రం ఆమెని కూడా ఆగమన్నాడు. సామాను మళ్ళీ మొదట్నుంచి కడిగి, ముంచి, ఆరబెట్టి, స్టీలు డబ్బాలో సర్దుకున్నాకే కదిలాడు. తువ్వాళ్ళు నేను పట్టుకున్నాను.

ఇస్త్రీ బండి వెనకే వాళ్ళ గది. మంచం మీద ముసలాయన ఎముకల పోగులా ఉన్నాడు. గోడవారగా కూర్చున్న పిల్లాడి తలలో, బోడిగా ఉన్నచోట నల్లగా జుట్టు మొలిచింది. మా మరిది మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, కొత్త బ్లేడు కాగితం విప్పాడు.  మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ముసలాయనకి వినబడేలా వంగి అడిగాడు.

“తాతా, నేనెవరో తెలుసా?”

“తెలుసు. మా మనవడికి తామర అంటించినోడివి” అన్నాడు ముసలాయన.

 ముసలాయన మెల్లగా గడ్డం పైకెత్తి, ముడతలు పడ్డ గొంతు మా మరిది ముందు పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

“కానియ్యి” అన్నాడు.