ఒకే పాట మూడుసార్లు

పటాన్‌చెరులో కిరాయి ఇల్లు ఖాళీ చేసి చిట్కుల్‌కు మారేటప్పుడు మంచాల గురించీ బీరువా గురించీ మా ఇంట్లో పేచీ రాలేదు. పేచీ అంతా నా సీడీల డబ్బా గురించే.

పేరుమోసిన ఒక పాశ్చాత్య సంగీత కండక్టర్ జీవితమంతా చేయించిన రికార్డింగులన్నీ ఉన్న డబ్బా అది. నేను మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. కంపెనీ బస్సులో పక్కసీటు ఆమె ఇయర్‌ఫోన్‌లో మొదటిసారి విని, ఉండబట్టలేక కొనుక్కున్నాను. నా జీతంతో కొనుక్కున్నాను. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

డబ్బా ఇంటికి తెచ్చిన రోజే అత్తమ్మ అడిగింది.

"కండక్టరంటే టికెట్లు కొట్టేటాయన గదా. గాయన పాడుతడా?"

"పాడడు అత్తమ్మా. వాయించడు గూడ. వాయించేటోళ్ళందరి ముందట నిలబడి చేతులూపుతడు."

"మరి చేతులూపేటాయన బొమ్మ డబ్బా మీదెందుకు?"

పెళ్ళి వంటల్లో మేస్త్రి గరిటె ముట్టకపోయినా రుచి ఆయనదే కదా అన్నాను. ఆమె నవ్వి, "ఊరందరిదొక దారైతే ఉలిపికట్టెదొక దారి," అంది. నాకది తిట్టనిపించలేదు. ఊరందరూ పోయే దారి నాకు తెలియనిదా? రోజూ షిఫ్టుకు అందులోనే పోతున్నాను.

ఇల్లు మారే రోజు ట్రాలీ ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. కొత్త ఇల్లు రెండు గదులే. మా ఆయన డబ్బా విప్పి, ఒక్కో అట్ట మీది పేరు చదవడం మొదలుపెట్టాడు.

"ఏందిది? గిదీ గదే పాట, గిదీ గదే. మూడు ఎందుకు? ఒకటి ఉంచుకొని తక్కినయి కబాడీకి ఇయ్యి. ఫోన్ల అన్నీ వస్తయి గదా."

ఆయన అన్నది అబద్ధం కాదు. ఒకే సింఫనీని, పెద్ద వాద్యబృందం కలిసి వాయించే సంగీతాన్ని, ఆ కండక్టర్ పడుచుతనంలో ఒకసారి, నడివయసులో ఒకసారి, చివరి రోజుల్లో ఒకసారి రికార్డు చేయించాడు. మూడింటికీ తేడా నాకు తెలుసు. కానీ కూర్చోబెట్టి చెప్పే ఓపిక ఆ పొద్దున లేదు. ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో ఎవరి సామాను ఎంతున్నా సర్దుకుంటాం, నా సామాను దగ్గరికి వచ్చేసరికే అందరికీ జాగా గుర్తొస్తుంది. డబ్బా లాక్కొని, ఒళ్ళో పెట్టుకొని, డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చున్నాను.

"గిది రాకుంటే నేను గూడ రాను," అన్నాను.

డ్రైవర్ ఇంజన్ ఆపి మా ఇద్దరి ముఖాలూ చూశాడు. మా ఆయన మంచం కోళ్ళు ఎక్కించసాగాడు.

చిట్కుల్ ఇంట్లో ఒకటే గోడ అల్మారా. డబ్బా అందులోనే పెట్టాను. ఆదివారం సాయంత్రం ఆయన్ని కూర్చోబెట్టి మూడు రికార్డింగుల్లోనూ ఒకే చోటు వినిపించాను. మొదటిది ఉరుకులు పరుగులు. రెండోది నిబ్బరం. మూడోది ఎంత నెమ్మదంటే, నడుమ ఆగిపోయిందేమోనని ఆయన ప్లేయర్ వైపు చూశాడు.

"గిండ్ల ముసలోడైండు," అన్నాడు.

"నేను గూడ ముసలిదాన్నయిత. అప్పుడు గూడ గిదే వింట. నచ్చకుంటే కుర్సీ ఏసుకొని బయట కూసో."

ఆయన నిజంగానే కుర్చీ పట్టుకొని బయటికి పోయాడు. నేను మూడోదాన్ని మళ్ళీ మొదటినుంచి, ఇంకాస్త గట్టిగా పెట్టాను.