అక్క రాసిన జి-హెచ్ మాటలు

పోయిన ఆదివారం సిరిసిల్లలో మా ఇంట్లో, నాలుగో తరగతి చదివే మనవరాలు నా పక్కన చేరి, జి, హెచ్ అనే రెండక్షరాలు కలిసి వచ్చే ఇంగ్లీషు మాటలు ఇరవై రాసుకు రమ్మన్నారని చెప్పింది. చెప్పిందే గాని నన్ను అడిగింది లేదు. ఫోనును అడిగితే అదే గడగడా మాటలూ అర్థాలూ అప్పజెప్పింది. అంతా రాసుకున్నాక, "అమ్మమ్మా, మీకు గప్పుడు ఫోన్లు లేకుండె గద, గివన్నీ ఎవలు నేర్పిండ్రు?" అని అడిగింది. మా అక్క, అన్నాను. చందుర్తిలో, రుద్రంగిలో ఏళ్ల తరబడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఆ అక్క సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్లయిన మీకైతే అర్థమవుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

మాది కోరుట్ల. నాన్న పోయేనాటికి అక్క ఎనిమిదో తరగతి, నేను ఆరు. అమ్మ ఒక్కతే బీడీలు చేస్తే ఇల్లు గడవక అక్క బడి మానేసి ఒళ్లో చాట పెట్టుకుంది. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ, దారం కడుతూ, నేను బడి నుంచి రాగానే ఆనాటి పాఠం పైకి చదవమనేది. చదువుకుంటున్నది నేనే అనుకునేదాన్ని గాని, నాకంటే బాగా చదువుకుంటున్నది ఆమె అని పదో తరగతికి వచ్చాక గాని తెలియలేదు.

నాకు జి-హెచ్ మాటలంటే భయం. లైట్, నైట్, రైట్ అన్నప్పుడు ఆ అక్షరాలు ఉండీ పలకవు. దగ్గును కఫ్ అన్నా, నవ్వును లాఫ్ అన్నా అవే వచ్చి 'ఫ' అంటాయి. దయ్యాన్ని గోస్ట్ అంటే మళ్లీ 'గ' అయిపోతాయి. డిక్టేషన్‌లో ప్రతిసారీ తప్పేదాన్ని. అక్క నా పాత నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాలు చింపి, బీడీ దారంతోనే కుట్టి, ఆ మాటలన్నిటినీ మూడు జాగాల్లో విడదీసి రాసింది. అర్థాలు కూడా తన తీరుగానే రాసుకుంది. ఎనఫ్ అంటే సాలు, డాటర్ అంటే బిడ్డ. బాట్‌కూ బ్రాట్‌కూ తేడా తెలియక నేను తికమకపడుతుంటే, "బాట్ అంటె కొన్నది, బ్రాట్ అంటె తెచ్చింది. కొన్నంక ఇంటిదాంక మోసుకరావాలె గద, గందుకే దాంట్ల ఒక అక్షరం ఎక్కువుంది" అన్నది. ఆ తర్వాత ఎన్ని తరగతుల పిల్లలకు ఆ మాటే చెప్పానో లెక్కలేదు, ఎవరి మాటో చెప్పకుండానే.

నేను పదిలో ఉన్న ఆ ఏడాదే తానూ ప్రైవేటుగా పది రాస్తానన్నది. ఫారం తెప్పించుకొని, గుండ్రని అక్షరాలతో నింపి, మా బడి హెడ్మాస్టరుకు ఇమ్మని నా చేతికిచ్చింది. గుమ్మం దాటకముందే అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. జగిత్యాల సంబంధం ఒకటి నడుస్తున్న రోజులవి. "గా పిలగాడు పది తప్పిండు. మన పిల్ల పాసైందంటె ఆళ్లు ఎనుకకు పోతరు. నువ్వు ఫారం ఇయ్యకు" అన్నది.

ఇవ్వలేదు. ఆఖరు తేదీ దాటిపోయిందట అని అక్కకు అబద్ధం చెప్పాను. అమ్మ మాట విన్నానని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకున్నాను గాని, అది సగం నిజమే. ఇద్దరం ఒకే పరీక్ష రాస్తే, బీడీలు చేసే అక్కకు బడికిపోయే చెల్లె కంటే ఎక్కువ మార్కులు వచ్చేవి. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అక్క చేతిలోని బీడీకి దారం కట్టి చాటలో వేసింది. తర్వాత, "పోనీలే. నువ్వన్న మంచిగ రాయి" అని, ఆ సాయంత్రం కూడా ఎప్పటిలాగే మాటలన్నీ అప్పజెప్పించుకుంది. నేను పాసయ్యాను. ఆ ఎండాకాలంలోనే ఆమె పెళ్లయింది. బావ గల్ఫ్‌కు పోయి ఏళ్లకేళ్లు అక్కడే ఉన్నాడు. అక్క జగిత్యాలలోనూ అదే చాట ముందు కూర్చుంది.

చివరికి ఊపిరితిత్తులు చెడిపోయి ఆమె అక్కడి ఆసుపత్రిలో పడ్డప్పుడు, పక్కన కూర్చొని నారింజ తొనలు ఒలుస్తూ, ఇక దాచలేక చెప్పేశాను.

"అక్కా, గప్పుడు తారీకు దాటలేదు. నేనే ఫారం ఇయ్యలేదు."

"నాకెర్కె చెల్లె. మరునాడే గా ఫారం నీ లెక్కల పుస్తకంల సూసిన."

"మరి నన్ను అడగకపోతివి?"

"అడిగితె నువ్వు ఏడుస్తుంటివి. పరీక్షలు దగ్గర పడ్డయి. ఇద్దరం ఎందుకు చెడాలె?" అని, తొన ఒకటి నోట్లో పెట్టుకొని కళ్లు మూసుకుంది. నెల తిరక్కుండానే పోయింది.

ఇప్పుడు కాలం మారింది. ఏ వయసు వాళ్లయినా పది రాసుకోవచ్చు. నేను ఉద్యోగంలో ఉండగానే ఆ ఏర్పాటు వచ్చింది. తంగళ్ళపల్లి నుంచి నడివయసు ఆడవాళ్లు నా దగ్గరికి వస్తే ఎందరికో నేనే దగ్గరుండి ఫారాలు నింపించాను. పరీక్షనాడు తల్లి లోపల రాస్తుంటే బిడ్డ గేటు బయట నీళ్ల సీసా పట్టుకొని నిలబడటం చూశాను. అప్పటికి అక్క బతికే ఉంది, చేతులు ఆడుతూనే ఉన్నాయి, జగిత్యాల బస్సులు సిరిసిల్ల నుంచి రోజూ పోతూనే ఉన్నాయి. పాత సంగతి బయటపడుతుందన్న భయంతో ఆమెకు మాత్రం ఈ కబురు చెప్పలేకపోయాను. ఆ పాత సంగతి ఆమెకు అప్పటికే తెలుసు.