బీమా ఉన్నవాడి నిద్ర

ఆ రోజు జగదల్‌పూర్ బస్సులో నా పక్కన కూర్చున్నది భేజ్జి వైపు రైతు. అతనూ నాలాగే మోటారుసైకిలుతో ఒక మనిషిని గుద్ది, కోర్టు వాయిదాకు, మా వైపు మాటలో పేశీకి, పోతున్నాడని మాటల్లో తెలిసింది. బస్సు కదిలిందో లేదో నా భుజం మీద తల వాల్చి గురక పెట్టాడు. ఆ గురక వింటుంటే నాకు ఒళ్లు మండింది.

నాకు నిద్రపట్టక నెలలైంది. మా ఊళ్లో బీమా అంటే పట్నం పోయే బండ్లకే. పొలానికీ సంతకూ తిరిగే బండికి గడువు దాటినా ఎవరూ కట్టరు. నేనూ కట్టలేదు. ఆ బండి మీదే ఒక్కసారి జగదల్‌పూర్ పోయాను, ఆ రోజే మనిషిని గుద్దాను. ఇప్పుడు గాయపడినవాడి పరిహారం కోసం వాగు పక్క మడి బేరానికి పెట్టాను.

సుక్మాలో బస్సు ఆగితే అతను లేచాడు.

"పేశీ అంటే భయం లేదా అన్నా?" అన్నాను.

"నాకేంది భయం. బీమా ఉంది గద, కంపెనీ వకీలే మాట్లాడతడు. నీ బండికి లేదా?"

అతని నిద్రమొహం చూస్తే లేదని చెప్పబుద్ధి కాలేదు.

"ఉంది," అన్నాను.

"మరింకేంది, నువ్వు గూడ పండుకో," అని మళ్లీ నా భుజం మీదే వాలాడు.

జగదల్‌పూర్ వచ్చేదాకా నేను కళ్లు మూసుకునే కూర్చున్నాను.